మంగళవారం సీసా

జూన్ 3

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరదలూ పిల్లా క్షేమమని తలుస్తాను.

నేను ఉత్తరం రాసి పదిహేనేళ్లయింది. ఫోనుండగా ఇదేం చాదస్తమని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోనులో నీతో మాట్లాడటమంటే సుత్తి దెబ్బల మధ్య కూర్చుని ప్రార్థన చేసుకోవడమే. నేను "అది కాదురా" అనేలోపు నువ్వు "నాకు తెలుసులే అక్కా" అని పెట్టేస్తావు. కాగితం మీద అయితే నా మాటకి నువ్వు అడ్డం రాలేవు. అందుకే కలం పట్టాను.

నువ్వు పెద్ద వర్క్‌షాపులో పెద్ద మెకానిక్‌వి. సంతోషం. పోయిన నెల మా ఆస్పత్రి బండి కొండ దారిలో ఆగిపోతే, లాక్కొచ్చి నీ ముందే పెట్టారు. నువ్వు డీజిల్ పంపు విప్పావు, కొత్తది వేశావు, జాబ్ కార్డు మీద ఒక్క వాక్యం రాశావు. "డీజిల్‌లో నీళ్లు, డ్రైవర్ నిర్లక్ష్యం." సంతకం కూడా అందంగా పెట్టావు. ఆ డ్రైవరు ఎవరో నీకు గుర్తు లేదు కాబోలు. నీకు టైరు మార్చడం నేర్పినవాడు, నువ్వు మొదటిసారి గోడకి గుద్దితే ఆ తప్పు తనదేనని మన నాన్నకి చెప్పినవాడు, నీ బావ.

ఆ వాక్యం చూసి మా ఆఫీసరు గారికి తెలివి పుట్టుకొచ్చింది. మీ బావ డీజిల్ అమ్ముకుని, తగ్గినంత మేర నీళ్లు పోశాడట. జూలై 15న విచారణ. రుజువైతే ఉద్యోగం పోతుంది, ఈ రెండు గదుల క్వార్టరూ పోతుంది. అన్నిటికంటే ముందు, ఇరవై ఎనిమిదేళ్లు కొండల్లోంచి రోగుల్ని కిందికి దించిన మనిషికి దొంగ అనే పేరు మిగులుతుంది.

ఆ రోజు బండిలో ఉన్న ముసలావిడ ఐదు గంటలు రోడ్డు మీదే పడి ఉంది. ఆవిడకి తోడుగా వెళ్లి, పక్కన విసురుతూ కూర్చున్నది నేనే. బతికింది, దేవుడి దయ. ఆవిడ "నీళ్లు, నీళ్లు" అంటుంటే మీ బావ బోనెట్ కింద తల పెట్టుకుని ఏడ్చాడు. నీ కార్డులో ఇది రాయడానికి గడి లేదనుకుంటాను.

నువ్వు పోయిన ఏడాది పంపిన ఫిల్టర్ పెట్టె ఇంకా విప్పలేదు. ఆస్పత్రి పిల్లి దాని మీద పడుకుంటోంది. మీ బావ మాట: "బండేమైనా పసిబిడ్డా, పాలు వడగట్టి పొయ్యడానికి? కంపెనీవాడు ఒక ఫిల్టర్ పెట్టాడు కదా, వాడికంటే నీ తమ్ముడికి ఎక్కువ తెలుసా?" మీ ఇద్దరి పొగరూ ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. మధ్యలో నేనే వేరే మట్టి.

కార్డు మార్చి రాయి. అడగడం ఇదే మొదటిసారి.

నీ అక్క

---

జూన్ 11

అక్కా,

దణ్ణాలు. నీ ఉత్తరం చూసి నీ మరదలు ఎవరో పోయారనుకుంది. తెలుగులో ఇంత మెత్తగా ఇన్ని తిట్లు తిట్టొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది.

కార్డు మార్చను. చూసింది రాశాను. పంపులో గ్లాసుడు నీళ్లున్నాయి, లోపలంతా తుప్పు పట్టింది. అది దేవుడు పొయ్యలేదు కదా.

బావకి ఒక సంగతి చెప్పు. ఆయన నడిపిన పాత బండి గాడిద లాంటిది, ఏం పెట్టినా తింటుంది. ఇప్పుడున్న ఈ ఫోర్ వీల్ డ్రైవ్ అలా కాదు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కన్నాలు వెంట్రుక కంటే సన్నం. పంపు డీజిల్ మీద ఎంత ఒత్తిడి పెడుతుందంటే, పైపు చిట్లితే చెయ్యి తెగిపోతుంది. అందులోకి నీటి చుక్క పోతే నూనెలా జారదు, లోహాన్ని కొరికేస్తుంది. కంపెనీ ఫిల్టర్ నగరంలో శుభ్రమైన బంకులో పోయించుకునేవాళ్ల కోసం. డ్రమ్ములోంచి క్యానుకి, క్యానులోంచి గరాటుకి, గరాటులోంచి ట్యాంకుకి పోసుకునే మీలాంటి చోట అది చాలదు. అందుకే ఇంకోటి పంపాను. పంపింది పిల్లి కోసమని తెలిస్తే మెత్తటి దిండు పంపేవాణ్ణి.

బిగించే పద్ధతి: ట్యాంకు నుంచి వచ్చే పైపు కోసి, కంపెనీ ఫిల్టర్‌కి ముందు దీన్ని పెట్టాలి. కింద గాజు గిన్నె ఉంటుంది. నీళ్లు బరువు కాబట్టి అందులో దిగుతాయి. అడుగున చిన్న కుళాయి. రోజూ పొద్దున బండి స్టార్ట్ చెయ్యకముందు అది తిప్పి, ఒక సీసాలోకి పట్టి చూడాలి. ఈ పని బావ చెయ్యడు. నువ్వు చెయ్యి. ఏ రోజు ఎన్ని నీళ్లొచ్చాయో రాసి పంపు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలితే అప్పుడు చూద్దాం.

పిల్లకి పన్ను కదులుతోంది. పట్టకారుతో తీస్తానంటే రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు.

నీ తమ్ముడు

---

జూన్ 26

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. పిల్ల పంటి దగ్గరికి నీ పట్టకారు పోనివ్వకు. దానంతట అదే ఊడుతుంది.

నీ ఫిల్టర్ బిగించాం. బిగించాం అంటే, నేను పోరగా పోరగా మీ బావ బిగించాడు, పెట్టెలోని కాగితం నేను చదివాను. కళ్లద్దాలు పెట్టుకుంటే డ్రైవరు ముసలాడైపోయాడంటారని ఆయన పెట్టుకోడు.

"ఏమండీ, దాని మీద బాణం గుర్తుందట, డీజిల్ పోయే వైపుకి ఉండాలట" అన్నాను.

"బాణాలూ గుర్తులూ షోరూం వాళ్ల సోకు. పైపుకి ఎటైతే ఏం?" అన్నాడు.

బండి నాలుగు సార్లు దగ్గి ఊరుకుంది. కాగితం మడిచి ఆయనకి కనపడేలా బోనెట్ మీద పెట్టాను. గంట తర్వాత తిప్పి పెట్టి, "గాలి పట్టింది, అంతే" అన్నాడు. అవును, గాలే మరి.

నా సంగతి నీకు తెలుసు. ఆస్పత్రిలో నా పని గిన్నెలు, సూదులు మరిగించడం, దుప్పట్లు ఉతకడం. ఇరవై ఏళ్లుగా డాక్టరమ్మ నా చేతి శుభ్రానికి వంక పెట్టలేదు. అందుకని సిరప్పు సీసాలు మరిగించి ఆరబెట్టి, ఒక్కోదానికి తేదీ చీటీ అంటించాను. పొద్దున్నే ప్రార్థన చేసుకుని నేరుగా బండి దగ్గరికి పోతాను. కుళాయి తిప్పి పట్టి, కిటికీలో పెట్టి, తేరుకున్నాక చూస్తాను. కింద నీళ్లు, పైన డీజిల్, మధ్యలో గీత గీసినట్టుంటుంది. చూడటానికి అందంగా ఉంటుందిరా, చెప్పకూడదు గాని.

రెండు వారాల లెక్క ఇది. మంగళవారం సీసాలో బొటనవేలంత నీళ్లు. బుధవారం అందులో సగం. గురువారం అడుగున కాస్త. శుక్ర, శనివారాల్లో ఏమీ లేవు. మళ్లీ మంగళవారం బొటనవేలంత. ఆ ఫిల్టర్ లేకపోతే కొత్త పంపూ ఈపాటికి పోయేదే. అంతవరకు నువ్వన్నది నిజం.

దీంట్లో మర్మం ఏముంది? డ్రమ్ములోనే నీళ్లున్నాయి. స్టోరు తాళాలాయన ఉన్నాడే, ఆయన తాళాల గుత్తికి ఉన్న బరువు ఆయన మాటకి లేదు. డ్రమ్ము మూత సరిగ్గా పెట్టడు, వాన పడితే లోపలికి పోతుంది. ఆఫీసరు గారు ఒక్కసారి కుర్చీలోంచి లేచి ఆ డ్రమ్ము చూస్తే అయిపోయే పని. కానీ కుర్చీకి అంటుకున్న మనిషిని లేపడానికి ఏ స్పానరూ లేదు.

ఇంకో సంగతి. మొదటి మంగళవారం సీసా మీ బావకి చూపించాను. కొంచెం వేలి మీద పోసుకుని, రెండు వేళ్ల మధ్య రుద్ది, చాలాసేపు చూశాడు. రెండోదీ అలాగే రుద్ది చూసి, నేల చూస్తూ, "ఇక నుంచి క్యాన్లు నువ్వు ముట్టుకోకు. బండికి సంబంధించింది నా పని, నేను చూసుకుంటా" అన్నాడు. ఇన్నాళ్లూ నేను ముట్టుకుంటే అరగలేదు ఆ క్యాన్లు. ఇప్పుడు పరువు గుర్తొచ్చింది. సరేనని ఊరుకున్నాను. ఆయన పరువు ఆయన కడుక్కుంటాడు.

కార్డు మార్చి పంపు. రోజులు తక్కువున్నాయి.

నీ అక్క

---

జూలై 2

అక్కా,

దణ్ణాలు. నీ సీసాల లెక్క మా వర్క్‌షాపులో గోడకి అంటించాను. కుర్రాళ్లకి చూపించి, "బడి చదువు చదివిన మా అక్క రాసింది, మీరు డిప్లొమాలు చదివి ఏం రాశారు?" అని గడ్డి పెట్టాను.

కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మంగళవారమే ఎందుకు?

స్టోరు సోమవారం మాత్రమే తెరుస్తారని నువ్వే ఎప్పుడో చెప్పావు. సోమవారం సాయంత్రం బావ నాలుగు క్యాన్లు నింపుకుని ట్యాంకులో పోస్తాడు. మంగళవారం నీళ్లు కనపడతాయి. ఇంతవరకు సరే. డ్రమ్ములో నీళ్లుంటే డ్రమ్ము నుంచే సీసాలోకి పట్టి చూడు, తేలిపోతుంది. డ్రమ్ములో డీజిల్ మంచిదైతే మాత్రం డ్రమ్ముకీ ట్యాంకుకీ మధ్య ఉన్నది ఒక్క మనిషే. ఆ మనిషి నువ్వు రెండో సీసా చూపించగానే క్యాన్ల మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు. నేను ఏమీ అనడం లేదు. నువ్వే ఆలోచించు.

బావ మంచివాడే. మంచివాళ్లకీ అవసరాలుంటాయి.

నీ తమ్ముడు

---

జూలై 9

తమ్ముడికి,

ఆశీస్సులు ఈసారి పిల్లకీ మరదలికీ మాత్రమే.

"నేను ఏమీ అనడం లేదు" అని ఎంత శుభ్రంగా అన్నావురా. అనకుండా అనడం నీకు ఎవరు నేర్పారో గాని, మీ బావ మాత్రం కాదు. ఆయనకి ఆ విద్య రాదు. నీ మొదటి జీతంతో నువ్వు కొనిపెట్టిన చొక్కా ఆయన ఇంకా వేసుకుంటాడు, మోచేతి దగ్గర చిరిగితే నేనే కుట్టాను. అవసరాలున్న మనిషి అలాగే ఉంటాడు కాబోలు.

అయినా నువ్వు చెప్పినట్టే చేశాను. నిజం ఏదైనా దాన్ని చూడకుండా దేవుడి ముందు కూర్చోలేను. సోమవారం సీసా పట్టుకుని స్టోరుకి వెళ్లాను.

తాళాలాయన "ఏమ్మా, డీజిల్‌కి కూడా రక్తపరీక్షలా?" అన్నాడు.

"అవునండీ, మీది కూడా తీయమన్నారు" అన్నాను. ఎప్పుడూ అలా మాట్లాడను. నీ ఉత్తరాల సావాసం.

డ్రమ్ము అడుగు నుంచి పంపుతో పట్టించాను. కిటికీలో పెట్టి సాయంత్రం దాకా చూశాను. చుక్క నీళ్లు లేవు. మూత కూడా గట్టిగానే ఉంది. తాళాలాయన మీద నేను రాసింది తప్పు, అది కొట్టెయ్.

ఇంకోటి. దాచితే పాపం కాబట్టి రాస్తున్నాను. మీ బావ క్యాన్లు తన చేతిలోకి తీసుకున్నాక రెండు మంగళవారాలు గడిచాయి. రెండు సీసాల్లోనూ నీళ్లు లేవు. ఏమీ లేవు. నీకు కావలసింది ఇదే కదా, తీసుకో.

ఆయన్నే అడిగాను. అన్నం పెడుతూ అడిగాను, నెమ్మదిగానే. "ఏమండీ, ఆ నీళ్లు ఎక్కడివో మీకు తెలుసా?"

ఆయన ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. "తెలిస్తే ఏం, తెలియకపోతే ఏం. ఇప్పుడు రావట్లేదుగా" అన్నాడు.

"విచారణలో ఏం చెప్తారు?"

"ఏదో ఒకటి చెప్తాలే. నువ్వు తిను."

ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన నా కళ్లలోకి చూడకుండా మాట్లాడటం ఇదే మొదలు. పొద్దున ప్రార్థనకి కూర్చుంటే మాటలు రావడం లేదు. నాకు ఆ నీళ్లే కనపడుతున్నాయి. నన్ను ఈ స్థితికి తెచ్చినందుకు నీకు సంతోషంగా ఉంటే ఉండు.

అక్క

---

జూలై 11

అక్కా,

సంతోషంగా లేను. రెండు రోజుల నుంచి పని మీద మనసు లేదు. ఇది ఆస్పత్రి మందుల బండిలో పంపుతున్నాను, త్వరగా అందుతుందని.

భయపడి మానేశాడు, అంతే కదా అర్థం. ఆఫీసరు ముందు ఒప్పుకుని క్షమాపణ అడగమను. ఏదైనా అయితే ఇద్దరూ ఇక్కడికి వచ్చెయ్యండి. నేను మాటలే కఠినంగా అంటాను, తలుపు మాత్రం మూయను.

కానీ ఒక సంగతి నాకు ఎంతకీ మింగుడు పడటం లేదు. డీజిల్ కాజేసేవాడు కిరోసిన్ కలుపుతాడు, నీళ్లు కాదు. నీళ్లు కలిపితే తన బండే చస్తుందని బావకి తెలియదా? ఇంకోటి, పంపు విప్పినప్పుడు లోపల తుప్పుతో పాటు తెల్లగా, జిగటగా ఏదో పేరుకుని ఉంది. వేలు పెడితే జారింది. డీజిల్‌లో నేనెప్పుడూ అలాంటిది చూడలేదు. ఏమిటో తెలియక కార్డులో రాయలేదు.

నీ తమ్ముడు

---

జూలై 24

నాన్నా,

అక్క ఆశీస్సులు, అందరికీ.

నీ ఉత్తరం పద్నాలుగో తేదీ పొద్దున అందింది. గిన్నెలు కడుగుతూ, తడి చేత్తోనే విప్పాను. "తెల్లగా, జిగటగా, వేలు పెడితే జారింది" అన్న చోట ఆగిపోయాను. నా చేతికి అప్పుడు సబ్బు నురగ ఉంది.

కొత్త బండితో పాటు తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు నాలుగు ఇచ్చారు. అంతకుముందువి నల్లటి ఇనప డబ్బాలు, వాటి జోలికి నేను ఎన్నడూ పోలేదు. తెల్లవి మురికి పడితే చూడలేకపోయాను. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం సబ్బుపొడి వేసి, నీళ్లు పోసి, కుదిపి కుదిపి కడిగి, పిట్టగోడ మీద బోర్లించేదాన్ని. ఆస్పత్రిలో గిన్నెలు ఎలా చేస్తానో అలాగే. ఎవరూ చెయ్యమనలేదు. మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

మీ బావ బయటికి వెళ్లాక ఒక క్యాను తీసి, ఎప్పటిలాగే కడిగి బోర్లించాను. నాలుగు గంటలు మంచి ఎండ. ముట్టుకుంటే పొడిగా ఉంది. నిలబెట్టాను. లోపల గళగళమంది. ఆ క్యాను పిడి లోపల బోలుగా ఉంటుందిరా. బోర్లిస్తే నీళ్లు అక్కడే నిలిచిపోతాయి, నిలబెడితే అడుక్కి దిగుతాయి. గ్లాసులోకి వంచితే పావు గ్లాసు వచ్చాయి, పాలు కలిపినట్టు. నాలుగు క్యాన్లకి ఎంతవుతాయో నువ్వే చూసుకో.

వాటిని కొంచెం డీజిల్‌లో పోసి మొదటి మంగళవారం సీసా పక్కన పెట్టాను. అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాను. జారింది. అప్పుడు తెలిసింది, మీ బావ ఆ రోజు రుద్ది ఏం చూశాడో.

తాళాలాయన్ని అన్నాను, ఆఫీసర్ని అన్నాను, నిన్ను అన్నాను. కట్టుకున్నవాణ్ణి అనుమానించాను. ఆ ముసలావిడకి రోడ్డు మీద ఐదు గంటలు విసిరిన చెయ్యీ, ఆ నీళ్లు పోసిన చెయ్యీ ఒకటే.

పదిహేనో తేదీన రెండు సీసాలూ పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. అప్పటికే మీ బావ వాంగ్మూలం రాసిచ్చి, ఎవరికో నొప్పులొస్తున్నాయంటే బండి తీసుకుని వెళ్లిపోయాడు. ఆఫీసరు గారు నన్ను కూర్చోమన్నారు. నేను జరిగిందంతా చెప్పాను. "క్యాన్లు కడిగింది నేనండీ. శిక్ష నాకు వెయ్యండి."

ఆయన నవ్వి, ఒక కాగితం నా వైపు తిప్పారు. మీ బావ దస్తూరి, పెద్ద పెద్ద అక్షరాలు. "ఖాళీ క్యాన్లు నేనే సబ్బునీళ్లతో కడిగేవాణ్ణి. ఆ నీళ్లే ట్యాంకులోకి వెళ్లాయి. తప్పు నాది."

"అమ్మా, నేను అడిగాను, ఏ సబ్బుతో కడిగావయ్యా అని" అన్నారు ఆఫీసరు గారు. "చాలాసేపు కిటికీలోంచి చూసి, 'తెల్లదండీ' అన్నాడు. ఇరవై ఏళ్లుగా మనుషుల చేత కాగితాలు రాయిస్తున్నాను. ఆ మాత్రం తెలియదా?"

కుర్చీకి అంటుకున్న మనిషి అని రాశాను కదా, అదీ కొట్టెయ్. దొంగతనం మాట ఫైలులోంచి తీసేశారు. డ్రైవరుకి ఒక హెచ్చరిక కాగితం, అంతే. ఇక మీద క్యాన్లకి నీళ్లు తగలకూడదని, అన్ని కొండ బండ్లకీ నువ్వు పంపినలాంటి ఫిల్టర్ బిగించాలని ఆర్డరు వేశారు. బాణం గుర్తు సంగతి నేను ప్రత్యేకంగా చెప్పించాను. నా సంగతి మీ బావకి చెప్పవద్దని వేడుకున్నాను. సరేనన్నారు. ఆ ముసలావిడకి మాత్రం నిన్న వెళ్లి చెప్పుకున్నాను. "నీళ్లడిగితే ఇచ్చింది నువ్వే కదమ్మా" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

నీ మీద కోపం లేదు. చూసింది రాశావు. నేను కూడా అదే నేర్చుకోవాల్సింది.

మీ బావ రాసిచ్చిన అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి ఇప్పుడు నిజంగానే క్యాన్లు శుభ్రం చేస్తున్నాడు. ఆదివారం అరుగు మీద కూర్చుని, ఒక్కో క్యానులో కాస్త డీజిల్ పోసి కుదిపి, పాత గుడ్డతో మూతి తుడుస్తూ, నేను చూస్తున్నానేమోనని అటూ ఇటూ చూస్తాడు. నేను లోపల గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తాను, పనిలో ఉన్నాననుకోవాలని. ఇరవై ఎనిమిదేళ్లలో తాను తాగిన గ్లాసు తాను కడిగిన పాపాన పోని మనిషి. నిన్న అది కూడా కడిగి బోర్లించాడు. అడుగున టీ మరక అలాగే ఉంది. నేను మళ్లీ కడగలేదు.

వచ్చే నెల ఆయన ఫిల్టర్లు తీసుకెళ్లడానికి నీ దగ్గరికి వస్తాడు. ఈ ఉత్తరాలు పారెయ్యకు. నీ పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టి తాళం వెయ్యి. ఎప్పుడైనా నా నోరు మళ్లీ పెద్దదైతే నాకే తిరిగి పంపుదువు గాని. ఆయనకి మాత్రం ఒక్క కాగితమూ చూపించకు. నాకు తెలియదనే ఆయన అనుకోనీ.

నీ అక్క